నెల్లూరులో పాత ఫ్లాపీలు చదివించే షాపు

పాత ఫ్లాపీలు (ఒకప్పుడు కంప్యూటర్ ఫైళ్లు దాచుకున్న పలుచటి డిస్కులు) చదవడం లేదని పారేయకండి. ముందు ట్రంకురోడ్డు మేడమీద పాత కంప్యూటర్లు బాగుచేసే షాపులో ఒకసారి చూపించండి. మా పని అక్కడే అయింది.

మా నాన్న తెలుగు పండితులు. కోవూరు, బుచ్చి వైపు ఊళ్లలో నాట్లప్పుడు ఆడవాళ్లు పాడే పాటలు సేకరించి, 1999లో డీటీపీ చేయించి ఫ్లాపీల్లో పెట్టించారు. రాసుకున్న నోటు పుస్తకాలు చెదలు తినేశాయి. ఇంకెక్కడా కాపీ లేదు. అంతకుముందు వేరే చోట చూపిస్తే, డిస్క్ ఫార్మాట్ చేయాలా, అంటే ఉన్నదంతా చెరిపేయాలా అని విండోస్ అడగ్గానే అక్కడి కుర్రాడు సరే అని నొక్కబోయాడు. నా గుండె ఆగినంత పనైంది. ఆ మాట కనబడితే ఏమీ నొక్కకుండా ఫ్లాపీ బయటికి తీసేయండి.

ఈ ట్రంకురోడ్డు షాపాయన ఫ్లాపీని వెంటనే డ్రైవ్‌లో పెట్టలేదు. ఇనుప రేకు పక్కకి జరిపి, వెనక చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ లైటు కింద చూపించారు. నల్లటి డిస్క్ మీద పాలచుక్కల్లా తెల్లటి మచ్చలు. "బూజు మేడం, ఇట్లాగే పెడితే డ్రైవ్‌లో చదివే తల డిస్క్‌ని గీకేస్తుంది" అన్నారు. పైనున్న ప్లాస్టిక్ డొప్ప విప్పి, దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రెండు వైపులా తుడిచి, ఆరాక ఇంకో మంచి ఫ్లాపీ డొప్పలో అమర్చారు. ఎంత ఓపికో! ఒక్కో ఫ్లాపీ అయ్యాక డ్రైవ్ తల కూడా తుడిచారు.

చదివింది పాత పెంటియం 4 మీద, లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే, పాడైన డిస్కుల్లోంచి డేటా లాగే ప్రోగ్రాంతో. 1.44 ఎంబీ ఫ్లాపీలో 512 బైట్ల సెక్టార్లు, అంటే డేటా ఉండే చిన్న ముక్కలు, 2,880 ఉంటాయి. ఈ ప్రోగ్రాం ముందు బాగున్న సెక్టార్లన్నీ లాగేసి, మొండికేసిన వాటి లెక్క ఒక ఫైల్లో రాసుకుంటుంది. తర్వాత అదే ఫ్లాపీని వేరే డ్రైవ్‌లో పెట్టి, మిగిలిన వాటినే ప్రయత్నించారు. ఒక డ్రైవ్‌కి అందనివి ఇంకోదానికి అందాయి. ఆ తర్వాత పనంతా కాపీ మీదే, అసలు ఫ్లాపీ ముట్టుకోలేదు.

ఒక పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైలు మాత్రం ఎంతకీ తెరుచుకోలేదు. అందులోంచి అక్షరాలు మాత్రం విడిగా బయటికి తీశారు. అవి యూనికోడ్ కాని పాత తెలుగు 'అను' ఫాంట్లలో ఉండటంతో మొదట ఇంగ్లీషు పిచ్చిగీతల్లా కనిపించాయి, యూనికోడ్‌లోకి మార్చాక పాటలు వచ్చాయి. రెండు పాటల్లో మధ్య చరణాలు పోయాయి. అవి రావని ఆయన ముందే చెప్పారు, ఆశ పెట్టలేదు. అది నాకు బాగా నచ్చింది.

ఫ్లాపీకి 300 రూపాయలు, రానిదానికి తీసుకోలేదు. ఇబ్బందల్లా ఒకటే, పని ఎంతవరకు వచ్చిందో ఫోన్ చేసి చెప్పరు, మనమే వెళ్లి అడగాలి. రశీదు కూడా అడిగితేనే ఇస్తారు. ఫైళ్లతో పాటు మొత్తం డిస్క్ ఇమేజ్ (ఫ్లాపీ అంతటికీ ఉన్నదున్నట్టు కాపీ) కూడా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమనండి. బూజు పట్టిన ఫ్లాపీలు ఉంటే వాటిని వేరే కవర్లో తీసుకెళ్లండి, మంచివాటికి అంటుకోకుండా.