క్రూజ్ కంట్రోలా, కాలా: ఏది మేలు?

కొత్త కారు కొన్న ప్రతివాళ్లూ అడిగేది ఇదే: "స్టీరింగ్ మీద క్రూజ్ బటన్ ఉంది, వాడొచ్చా? కాలితో నడపడమే మంచిదా?" విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి రాస్తున్నాను.

క్రూజ్ అంటే, ఒక వేగం సెట్ చేస్తే కాలు పెడల్ మీద లేకపోయినా కారే ఆ వేగంతో పోతుంది. దాని మంచి కాదనలేం. ఖాళీ రోడ్డు మీద మూడు గంటలు యాక్సిలరేటర్‌ని ఒకే ఒత్తిడితో తొక్కి ఉంచితే పిక్క పట్టేస్తుంది. పైగా కాలు నిలకడగా ఉండదు, 90 కాస్తా ఎప్పుడో 110 అయిపోతుంది. అసలిది పుట్టిందే ఆ ఊగిసలాట భరించలేక. కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కి చిన్నతనంలోనే చూపు పోయింది. ఆయన్ని ఎక్కించుకెళ్లే లాయరు మాట్లాడేటప్పుడు నెమ్మదించి, వినేటప్పుడు వేగం పెంచేవాడట. ఆ కుదుపులతో విసిగి మొదలుపెట్టిన పని 1958లో క్రిస్లర్ ఇంపీరియల్ కార్లలోకి వచ్చింది.

మైలేజ్ అంటారా, చదును రోడ్డు మీద కాస్త కలిసొస్తుంది. ఎత్తుపల్లాల్లో మాత్రం కాలిదే పైచేయి. మనమైతే ఎక్కుడులో వేగం కొంచెం తగ్గితే తగ్గనిమ్మంటాం, క్రూజ్ పెట్టిన వేగం కోసం ఇంజిన్‌ని పిండేస్తుంది.

నా దృష్టిలో తేల్చేది మైలేజ్ కాదు, కుడికాలు ఎక్కడుందన్నది. ఒకసారి 90కి సెట్ చేసి, హాయిగా కాలు వెనక్కి లాగి సీటు అంచుకి ఆనించుకున్నాను. ముందు లారీ బ్రేక్ లైట్లు వెలిగాయి. చూశాను, కాలు కదిలింది, కానీ బ్రేక్ పెడల్ అంచు తగిలి జారింది. రెండోసారికి గానీ దొరకలేదు. గుద్దుకోలేదనుకోండి. కానీ 90లో కారు సెకనుకి 25 మీటర్లు పోతుంది. కాలు వెతుక్కున్న ఆ అర సెకను అంటే పన్నెండు మీటర్లు, అంటే దాదాపు మూడు కార్ల పొడవు. కాలితో నడిపేవాడికి ఈ వెతుకులాట ఉండదు, పాదం బ్రేక్ పక్కనే ఉంటుంది.

"మా దాంట్లో అడాప్టివ్ క్రూజ్ ఉంది, ముందు బండికి దూరం అదే చూసుకుంటుంది" అంటారా? నాకు ఎక్కువ భయం దానితోనే. మామూలు క్రూజ్ ముందు బండిని చూడదని మనకు తెలుసు కాబట్టి కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. అడాప్టివ్ పదిసార్లు చక్కగా ఆగితే పదకొండోసారి మనం చూడటమే మానేస్తాం. కదిలే బండి వెనక అది బుద్ధిగానే వెళ్తుంది. రోడ్డు మీద నిలిచిపోయిన బండిని గుర్తించకపోవచ్చని చాలా కార్ల మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది. ఆ పేజీ చదివినవాళ్లు ఎందరో! మలుపులో ముందు బండి దాని చూపు నుంచి తప్పిపోతే, దారి ఖాళీ అనుకుని వేగం పెంచేయగలదు కూడా.

వానలో మామూలు క్రూజూ వద్దు, అడాప్టివూ వద్దు. నీటి మీద టైరు పట్టు సడలితే, వెంటనే యాక్సిలరేటర్ మీద నుంచి పాదం మెల్లగా తీసేయాలి. అక్కడ పాదమే లేకపోతే ఆ పని ఆలస్యమవుతుంది. స్పీడ్ లిమిటర్ సంగతి: కాలు పెడల్ మీదే ఉంటుంది, పెట్టిన హద్దు దాటనివ్వదు. వేగం దాటడమే మీ బాధైతే అది చాలు.

నా మటుకు నాకు రద్దీలో, వానలో, కొండదారిలో కాలే. పగటిపూట ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు దొరికితే మామూలు క్రూజ్, అదీ పాదం బ్రేక్ ముందే ఉంచి. రెస్యూమ్ బటన్ జోలికి మాత్రం పోను. మలుపు కోసం 40కి దిగి, అలవాటుగా దాన్ని నొక్కితే, బండి పాత 90ని గుర్తుపెట్టుకుని మలుపు మధ్యలోనే ముందుకు ఉరుకుతుంది. రోడ్డు తిన్నగా అయ్యాక, కావలసిన వేగానికి వచ్చి మళ్లీ సెట్ నొక్కుకుంటాను.