సాలెపురుగులకు మందు కొట్టించిన ఏడాది: ఒక పురుగుల నివారణ సేవపై సమీక్ష

రావులపాలేనికి దగ్గరలో, అరటి తోటల నడుమ ఉన్న మా పాత పెంకుటింటికి నిరుడు జూన్‌లో పురుగుల నివారణ సేవను ఏడాది ఒప్పందం మీద తీసుకున్నాను. దగ్గరి పట్టణం నుంచి వచ్చే ఆ సంస్థ బొద్దింకలకూ చీమలకూ కలిపి మూడు విడతలకు 2,800 రూపాయలు, ‘సాలెపురుగుల చికిత్స’ పేరుతో అదనంగా మరో 900 రూపాయలు తీసుకుంది. మొదటి మొత్తం గిట్టుబాటయింది. రెండోది పూర్తిగా దండగ.

మా ఇంట్లో ఉన్నవి మూలమూలలా బూజు పట్టించే సన్నకాళ్ల సాలెపురుగులు కావు. వాటికి పండగ ముందు బూజుకర్ర చాలు. ఇవి రాత్రిపూట స్నానాలగది గోడమీదా, సామాను గదిలో బస్తాల వెనకా, వాసాల సందుల్లోనూ అరచేతి వెడల్పున కాళ్లు చాచుకుని గోడకు అతుక్కుని కనిపించే గోధుమరంగు సాలెపురుగులు. లిన్నేయస్ 1767లోనే నమోదు చేసిన ఈ జాతిని శాస్త్రజ్ఞులు హెటెరోపోడా వెనటోరియా అంటారు. వెనటోరియా అన్న మాటలోనే వేట ఉంది, నడవడిలోనూ అంతే: గూడు అల్లి ఎదురుచూడదు, బొద్దింకను తరిమి పట్టుకుంటుంది. శరీరం సుమారు అంగుళమే కానీ కాళ్లతో కలిపి కొలిస్తే 7 నుంచి 12 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆ కాళ్లు పీతకాళ్లలా పక్కలకు తిరిగి ఉండడం వల్ల తలుపు చట్రానికీ గోడకూ మధ్యనున్న సన్నని సందులోకి కూడా దూరిపోగలదు. సరుకుతో పాటు, ముఖ్యంగా అరటి గెలల్లో దాక్కుని, దేశాలు దాటిన జాతి కనుక దీనికి అరటి సాలెపురుగు అన్న పేరు కూడా ఉంది. రావులపాలెం అరటి మార్కెట్టుకు కూతవేటు దూరంలో కాపురముంటూ ఇవెందుకొచ్చాయని నేను ఆశ్చర్యపోవడం, ఇప్పుడు తలచుకుంటే, నాకే నవ్వు తెప్పిస్తోంది.

సంస్థవారు ఇచ్చిన కరపత్రం గురించి ఒక మాట చెప్పాలి. ‘ప్రమాదకరమైన సాలెపురుగులు’ అన్న శీర్షిక కింద నీలిరంగులో మెరిసే, నూగు కాళ్ల సాలెపురుగు బొమ్మ వేశారు. అది గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించిన జాతి. నంద్యాల, గిద్దలూరు మధ్యనున్న అడవుల్లో చెట్టు తొర్రల్లో బతుకుతూ, అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్నది. కోనసీమ ఇళ్లలో మందు అమ్ముకోవడానికి ఆ బొమ్మ వాడడం అజ్ఞానమో, వ్యాపారమో పాఠకులే తేల్చుకోవచ్చు.

మందు కొట్టడానికి వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడు. “ఇవి విషపు పురుగులండీ, పిల్లలున్న ఇంట్లో ఉంచకూడదండీ” అన్నాడు. విషం ఉన్నమాట నిజమే, అది బొద్దింకను చంపడానికి సరిపోతుంది. మనం చేత్తో నలిపి పట్టుకుంటే కరుస్తుంది, నొప్పి పుడుతుంది, కానీ మనిషికి ప్రాణాపాయం లేదు. మా అమ్మ భయం వేరు. ఒంటిమీద ఎర్రగా పొక్కులు లేస్తే సాలెపురుగు ఉచ్చపోసిందని ఆవిడ ఇప్పటికీ అంటుంది. వానాకాలంలో దీపాల చుట్టూ చేరే పెడెరస్ అనే నలుపు, నారింజ రంగుల చిన్న పురుగును నిద్రలో నలిపితే దానిలోని పెడెరిన్ అనే పదార్థం చర్మాన్ని కాలినట్టు చేస్తుంది. వరిచేల పక్క ఊళ్లలో చాలాసార్లు ఆ నింద మోసేది సాలెపురుగు.

ఇక పని తీరు. జూన్‌లో గోడల అడుగునా, చూరు వెంటా మందు పిచికారీ చేశారు. పెరట్లో చేపల గుంట ఉందని నేను చెప్పకముందే గమనించి, ఈ రకం మందులు చేపలకు ప్రాణాంతకమని ఆ వైపు కొట్టకుండా వదిలేయడం మెచ్చుకోదగినది. నేరుగా మందు పడిన సాలెపురుగులు నాలుగు కింద పడి, కాళ్లు ముడుచుకుంటూ అరగంట సేపు కొట్టుకుని చచ్చాయి. వాటిలో ఒకదాని పొట్ట కింద తెల్లని బిళ్ల లాంటి గుడ్ల సంచి ఉంది. నాకది చూడబుద్ధి కాలేదు. అయితే ఆగస్టు వానలు తగ్గేసరికి మళ్లీ అన్ని గోడలమీదా అన్నీ ప్రత్యక్షమయ్యాయి. కారణం ఊహించలేనిదేమీ కాదు: మందు రాసిన గోడమీద బొద్దింక పొట్ట ఆనించుకుని పాకుతుంది, మీసాలూ కాళ్లూ నోటితో శుభ్రం చేసుకుంటూ మందును లోపలికి తీసుకుంటుంది, సాలెపురుగు కాలి కొనలమీద ఒళ్లు పైకెత్తి నడుస్తుంది కనుక ఆరిపోయిన మందు దానికి అంతగా అంటదు. ఈ సంగతి తెలిసిన సంస్థ దానికి విడిగా 900 రూపాయలు వసూలు చేయకూడదు. తెలియని సంస్థ అసలే వసూలు చేయకూడదు.

బొద్దింకల భాగంలోనూ మొదట పొరపాటు జరిగింది. వంటగది అలమర కీళ్ల దగ్గర బొద్దింకలకు ఎరగా వేసే మందు జెల్ చుక్కలు పెట్టి, వెంటనే అదే అలమరలో పిచికారీ కూడా చేశారు. పిచికారీ మందు వల్ల బొద్దింకలు ఆ దరిదాపులకు రాకుండా పోతాయి, ఇక జెల్ తినేదెవరు? అక్టోబరు విడతలో వేరే మనిషి వచ్చాడు. పెద్దవాడు, మాట తక్కువ. వంటగదిలో పిచికారీ మానేసి, జెల్ ఒక్కటే గ్యాసు బండ వెనకా, సింకు కిందా, ఫ్రిజ్ మోటారు దగ్గరా బియ్యపు గింజంత చుక్కలుగా పెట్టి వెళ్లాడు. జెల్ తిన్న బొద్దింక చచ్చాక దాన్ని తిన్న బొద్దింకలు కూడా చస్తాయని ఆయనే చెప్పాడు, డిసెంబరుకల్లా అది నిజమైంది. ఆ తరువాతే సాలెపురుగులు పలచబడ్డాయి, వాటిమీద ఒక్క చుక్క మందు పడకుండానే. ఆహారం లేని ఇంట్లో అవి ఎందుకుంటాయి?

వీధి గుమ్మం మీది తెల్ల ట్యూబులైటు తీసేసి పసుపురంగు బల్బు పెట్టాక పురుగులు ముసరడం తగ్గింది. పడగ్గదిలోకి వచ్చినదాన్ని మాత్రం వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, గోడకూ డబ్బాకూ మధ్య దళసరి పెళ్లి శుభలేఖ ఒకటి జొనిపి, అరటి మొక్కల్లో వదిలిపెడుతున్నాము. మా ఆవిడ మొదట్లో గది బయటే నిలబడేది. ఇప్పుడు డబ్బా ఆవిడే పట్టుకుంటోంది, శుభలేఖ పని నాది.

మొత్తంమీద అక్టోబరు విడతకు ఐదింట నాలుగు, జూన్ విడతకు రెండు, సాలెపురుగుల చికిత్సకు సున్నా వేస్తాను. ఈ నెల ఒప్పందం తిరగరాసేటప్పుడు ఆ 900 రూపాయల పద్దు కొట్టేయించి, వంటగదికి జెల్ మాత్రమే వాడాలని కాగితం మీద రాయించుకున్నాను. వాళ్ల అభిప్రాయ పత్రంలో ‘ఇంట్లో సాలెపురుగులు కనిపిస్తున్నాయా’ అన్న ప్రశ్నకు అవునని గుర్తుపెట్టినందుకు మరునాడే ఫోను చేసి, ఉచితంగా మరోసారి మందు కొడతామన్నారు. స్నానాలగదిలో ఉన్న రెండింటి సంగతి చెప్పి, రావద్దన్నాను.