రొట్టెల బండి హారన్ వినపడే ఊరు

రిటైరయ్యాక ఎక్కడ ఉండాలన్న చర్చ మా ఇంట్లో ఆరేళ్ళు నడిచింది. ఇంగ్లండులోని రెడింగ్‌లో ముప్పై ఏళ్ళు నీటి సరఫరా పనిలో ఉన్నాను. పిల్లలు ఎవరి దారిన వారు స్థిరపడ్డారు. కడప జిల్లాలో మా ఊరికి తిరిగి వెళ్దామంటే ఇల్లుంది, అరుగుంది, అరుగు మీద కూర్చునే మనుషులే హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిపోయారు. రెడింగ్‌లోనేమో పదిహేడేళ్ళ నుంచి పక్కింట్లో ఉన్నాయన ఇంటిపేరు ఇప్పటికీ తెలియదు. "ఎండ ఉండాలి, కొండ ఉండాలి, పలకరించే మనిషి ఉండాలి" అని మా ఆవిడ మూడు షరతులు పెట్టింది. మొదటి రెండూ పటం చూసి వెతకవచ్చు. మూడోది వెళ్ళి చూస్తే తప్ప తెలియదు.

అలా వెళ్ళిన చోటు అల్పుహార్రా. దక్షిణ స్పెయిన్‌లో, గ్రనడా నగరం అవతల, సియెర్రా నెవాడా పర్వతాల దక్షిణపు వాలు. ఆ వరుసలోని ముల్హాసెన్ శిఖరం ఎత్తు దాదాపు 3,480 మీటర్లు. కొండ మీద మంచు, కింద ఒక గంట దిగితే మధ్యధరా సముద్రం, మధ్యలో తెల్లటి పల్లెలు. మాది బ్రిటిష్ పాస్‌పోర్టు కాబట్టి బ్రెగ్జిట్ తరువాత వీసా లేకుండా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండే వీలు లేదు. అందుకని సెప్టెంబరు చివర నుంచి రెండు నెలలు ఒకసారి, మళ్ళీ మార్చి నుంచి నెలన్నర. విహారయాత్ర అనుకోవద్దని, అద్దెకు దిగినట్టే ఉందామని ముందే ఒప్పందం చేసుకున్నాం.

మలగా విమానాశ్రయం నుంచి గ్రనడాకు బస్సులో రెండు గంటలు. అక్కడ మారి కొండ బస్సు ఎక్కాలి. లన్హరోన్ దాటాక మలుపులు మొదలవుతాయి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోండి; మా ఆవిడ పెట్టుకోలేదు, నేను అనుభవించాను.

మొదట ఓర్హివాలో దిగాం. సుమారు 450 మీటర్ల ఎత్తున, దాదాపు ఆరు వేల జనాభాతో ఈ పశ్చిమ భాగానికంతటికీ సంత ఊరు. గురువారం సంత, సూపర్ మార్కెట్లు, ఆరోగ్య కేంద్రం, బస్సులు, అన్నీ కాళ్ళ దగ్గరే. మొదటి మూడు రాత్రులు రోడ్డు పక్కన ఒక లాడ్జీలో ఉన్నాం. ఇద్దరిలో రెండో వాళ్ళు స్నానానికి వెళ్ళేసరికి వేడి నీళ్ళు అయిపోయేవి. తరువాత నెలకు 600 యూరోల లెక్కన ఒక ఫ్లాటు దొరికింది, దానికి వంక పెట్టడానికి లేదు. ఊరి నిండా ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు, జర్మన్లు. నలభై ఏళ్ళ కిందట హిప్పీలుగా వచ్చినవాళ్ళు కొందరు ఇప్పుడు చేతికర్రలతో నడుస్తున్నారు. పలకరింపులకు కొదవ లేదు. మూడు వారాల్లో నాలుగు భోజనాలకు పిలిచారు, యోగా నేర్పమని ఇద్దరు అడిగారు (నాకు రాదు, భారతీయుడికి రాదంటే నమ్మరు).

మనసుకు మాత్రం ఏదో వెలితి. పిలిచిన నాలుగిళ్ళలోనూ ఒక్క స్పానిష్ మనిషి కనిపించలేదు. ఉగాదికీ సంక్రాంతికీ కలిసే మన తెలుగు సంఘాలలాగే ఇదీ ఉన్న ఊరితో పనిలేని ఇంకో ఊరు. తప్పని అనను, ఇంగ్లండులో ముప్పై ఏళ్ళు నేను చేసిందీ అదే. కారు నడపలేనివాళ్ళకు, డెబ్బై ఐదు దాటినవాళ్ళకు, డాక్టరు దగ్గరలో ఉండితీరాలనుకునేవాళ్ళకు నా సలహా ఓర్హివాయే. దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు.

తరువాత కపిలేయిరా, పది రోజులు. పోకేయిరా లోయ గోడకు అతికించినట్టు పంపనేయిరా, బుబియోన్, కపిలేయిరా ఒకదానిపైన ఒకటి ఉంటాయి; చివరిది 1,436 మీటర్ల ఎత్తున. అందానికి పోటీ పెడితే నా ఓటు దీనికే. ఇళ్ళు చూసి నేను నిలబడిపోయాను. బల్లపరుపు కప్పులు, కింద చెస్ట్‌నట్ దూలాలు, పైన రాతి పలకలు, ఆ పైన లౌనా అనే బూడిదరంగు మట్టి. అచ్చంగా మా రాయలసీమ మట్టి మిద్దె! మేము చౌడు మట్టి పరిచినట్టే వాళ్ళు లౌనా పరుస్తారు. వానలకు ముందు చూసుకుని అతుకులు వేసుకోవడమూ అంతే. మా తాతగారి మిద్దె కూలి ఇరవై ఏళ్ళయింది. ఇక్కడ వాటిని కాపాడుకుంటున్నారు.

బస మంచిదే, రోజుకు 70 యూరోలు, కిటికీ తెరిస్తే లోయ. ఇంటి యజమాని గ్రనడాలో ఉంటాడట. తాళంచెవి గోడకున్న పెట్టెలో, అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. పది రోజులూ ఆయన ముఖం చూడలేదు. శనివారం వచ్చిందంటే ఊళ్ళో కార్లు పెట్టడానికి చోటుండదు. వీధిలో మమ్మల్ని పలకరించినవాళ్ళంతా కంబళ్ళో తేనెనో అమ్ముతున్నవాళ్ళే. సోమవారం వాళ్ళు కూడా ఉండరు. ఇక మెట్లు: పాలు తేవాలన్నా కొండెక్కినంత పని.

శాకాహారులకు ఒక మాట. 'సిన్ కార్నె', అంటే మాంసం లేకుండా, అని చెబితే చాలదు. ఎండబెట్టిన పంది తొడ హామోన్‌ను ఇక్కడ మాంసం లెక్కలో వేయరు. కూరగాయల పులుసు మీద కూడా అలంకారంగా చల్లుతారు. 'సిన్ హామోన్' అని విడిగా చెప్పాలి. పక్కనున్న త్రెవేలెస్ ఆ హామోన్‌కే ప్రసిద్ధి కాబట్టి మీ మాట వాళ్ళకు వింతగానే ఉంటుంది, ఫరవాలేదు. ఆలివ్ నూనెలో ఉల్లిపాయ, పచ్చి కాప్సికంతో మెత్తగా మగ్గించిన బంగాళాదుంపలను 'పేదవాడి దుంపలు' అంటారు. పైన రెండు గుడ్లు వేయించి వేస్తే మాకు పూట గడిచేది.

మూడో మజిలీ లా తాహా. గ్రనడా చివరి ముస్లిం రాజుల కాలంలో అల్పుహార్రాను తాహాలనే పరగణాలుగా విభజించారు. ఆ పేరు ఈ ఏడు పల్లెల గుంపుకు మిగిలింది. పంచాయతీ కార్యాలయం పిత్రెస్‌లో ఉంటుంది. ఏడూ కలిపినా జనం ఏడెనిమిది వందలకు మించరు. మేమున్న పల్లె పేరు చెప్పను. ఇల్లిచ్చినావిడ అడిగింది, మాట ఇచ్చాను. అద్దె 450 యూరోలు, రెండు గదులు, కట్టెల పొయ్యి, వంటకు నారింజరంగు గ్యాసు బండ. ఊళ్ళో కొట్టు లేదు. హోటలు లేదు. కారు ఊరి మొదట్లో ఆపి నడవాలి. పిత్రెస్ కొట్టుకు వెళ్ళాలంటే నలభై నిమిషాలు ఎగువకు. చూసిన వెంటనే మా ఆవిడ, "ఇక్కడ వారం ఉండి వెళ్ళిపోదాం" అంది.

నాలుగు రోజులు 'బ్వేనోస్ దీయాస్' తప్ప ఇంకో మాట లేదు. అది కూడా చివరి అక్షరాలు మింగేసి 'బ్వెనో దీయా' అంటారు. నేను పుస్తకం చూసి నేర్చుకున్న స్పానిష్ అక్కడే చెల్లకుండా పోయింది. అయితే రోజూ పదకొండింటికి కొండ మలుపులో హారన్ మూడుసార్లు మోగేది. రొట్టెల వ్యాను. ఊరంతా నీళ్ళ తొట్టి దగ్గరికి చేరేది. వ్యాను ఉండేది పది నిమిషాలు, జనం ఉండేది ముప్పావు గంట. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరి మనవరాలు బార్సెలోనా నుంచి ఫోను చేసింది, ఎవరి బావి ఎండింది, అన్నీ అక్కడే. వారానికి రెండుసార్లు మొత్రీల్ తీరం నుంచి చేపల బండి వచ్చేది. మేము చేపలు కొనం. అయినా వెళ్ళి నిలబడేవాళ్ళం.

అయిదో రోజు నడకకు వెళ్ళి ఆలస్యమై వ్యాను తప్పిపోయింది. ఇంటికి వచ్చేసరికి తలుపు గొళ్ళానికి ఒక గుడ్డ సంచి వేలాడుతోంది, లోపల మేము రోజూ కొనే పొడుగు రొట్టె. ఎనభై దాటిన పక్కింటి పెద్దావిడ పని. డబ్బులివ్వబోతే చెయ్యి ఊపేసి, 'వెసీనో' అంది. అంటే ఇరుగుపొరుగువాడు. ముప్పై ఏళ్ళ రెడింగ్ వాసంలో ఆ మాట నన్నెవరూ అనలేదు.

అక్టోబరు చివర మూడు రోజులు ఎడతెగని వాన. వాన పడితే ఈ ప్రాంతంలో 'మీగాస్' చేయాలని ఆనవాయితీ. గోధుమ రవ్వ లాంటి పిండిని నూనె, నీళ్ళు, వెల్లుల్లితో గంటసేపు తిప్పుతూ పొడిపొడిగా చేస్తారు. పెద్దావిడ ఒక పళ్ళెం పంపింది, వేయించిన మిరపకాయలు పైన. మా ఆవిడ చూసి నవ్వి, మర్నాడు పోపు వేసిన ఉప్మా పంపింది. సాయంత్రానికి ముగ్గురు ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. కరివేపాకును మా ఆవిడ రెడింగ్ నుంచి తెచ్చుకుంది. దాన్ని వాసన చూడటం, తలలు ఊపడం, ఆవాలు చిటపటమంటే వెనక్కి జరగడం. ఎవరి భాష ఎవరికీ రాదు, మాటలు మాత్రం ఆగలేదు. 'ఇండియా మీగాస్' అని పేరు ఖాయమైంది.

నవంబరులో ఒక ముసలాయన పోయాడు. గంట మోగిన తీరులోనే అందరికీ తెలిసిపోయింది. ఇంగ్లండులో అంత్యక్రియలకు రెండు మూడు వారాలు పడుతుంది. ఇక్కడ మర్నాడే. వెళ్ళాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. "పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకు పిలవకపోయినా వెళ్ళాలి" అంది మా ఆవిడ, మా అత్తగారి గొంతుతో. వెళ్ళాం. చర్చిలో వెనక నిలబడితే ఎవరో జబ్బ పట్టుకుని ముందుకు జరిపారు. ఆ తరువాత మమ్మల్ని ఎవరూ అద్దెకున్నవాళ్ళని అనలేదు.

మార్చిలో తిరిగి వెళ్ళింది ఒక పని కోసం, నిజం చెప్పాలంటే. అసేకియా పూడిక తీయడం. అరబ్బులు ఏర్పరచిన ఈ కాలువలు కొండ మీది మంచునీటిని మడుల దాకా తెస్తాయి, పేరే అరబీ. మొరిస్కోలు, అంటే బలవంతాన క్రైస్తవంలోకి మార్చిన ముస్లింలు, 1568లో మొదలుపెట్టిన తిరుగుబాటు తరువాత వాళ్ళను ఇక్కడి నుంచి వెళ్ళగొట్టి స్పెయిన్ ఉత్తరాది కుటుంబాలను తెచ్చి నిలిపారు. కాలువల గుట్టు చెప్పడానికి ఊరికి రెండు కుటుంబాలను ఉంచుకున్నారని అంటారు. మనుషులు మారినా వంతులు మారలేదు. ఎవరి మడికి ఏ వేళ, ఎంతసేపు నీళ్ళు అన్నది రాతపుస్తకంలో ఉంటుంది, చూసుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. మన నీరటి అన్నమాట. ఎగువన కొన్ని కాలువలు నీటిని కావాలనే కొండ మట్టిలోకి ఇంకిస్తాయి. అది వారాల తరువాత దిగువన ఊటగా పైకి వస్తుంది. నేను ముప్పై ఏళ్ళు మీటర్లతో, కంప్యూటర్లతో చేసిన పనిని వీళ్ళు పారతోనూ నాలుగు రాళ్ళతోనూ చేస్తున్నారు.

పద్నాలుగు మంది, రెండు రోజులు. ఆకులు, పూడిక, ముళ్ళకంప తీశాం. మొదటి గంటలోనే అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక చోట గట్టు జారి నీళ్ళు కారుతుంటే బంకమట్టి ఎలా తొక్కి కుదించాలో మా నాన్న చెరువు దగ్గర చూపించింది గుర్తొచ్చి చేసి చూపించాను. ఎవరూ మెచ్చుకోలేదు. నీరటి కాసేపు చూసి, తరువాతి గండి దగ్గరికి నన్నే పంపాడు. అప్పటి నుంచి ఊళ్ళో నా పేరు 'ఎల్ దెల్ ఆగ్వా', నీళ్ళాయన.

ఇంత చెప్పి కష్టాలు దాచడం అన్యాయం. డాక్టరు పక్క పల్లెకు వారానికి రెండు పూటలే వచ్చేవారు. ఆరోగ్య కేంద్రం ఓర్హివాలో, ఆసుపత్రి మొత్రీల్‌లో. ఏప్రిల్‌లో ఒక రాత్రి మా ఆవిడ మెట్ల మీద జారి మణికట్టు వాచింది. పెద్దావిడ కొడుకు నిద్రలేచి, ఆ మలుపుల్లో కారు నడిపి తీసుకెళ్ళాడు. ఎముక విరగలేదు. గుండెపోటు అయ్యుంటే అన్న ప్రశ్న ఆ దారి పొడుగునా నాతోనే ఉంది, ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఏ పనీ జరగదు. బస్సులు రోజుకు రెండు మూడే. చలికాలంలో ఆ మందపు గోడల లోపల బయటికన్నా చలి ఎక్కువ, కట్టెల ఖర్చు లెక్కలో వేసుకోవాలి. కుర్రాళ్ళు లేరు, రొట్టెల వరుసలో నేనే పడుచువాణ్ణి.

స్థిరపడాలనుకునేవారికి లెక్క ఇది. పని చేయకుండా ఉండే నివాస వీసాకు ఒక్కరికి నెలకు 2,400 యూరోలు, వెంట వచ్చే ఒక్కొక్కరికి 600 ఆదాయం చూపాలి. ఆరోగ్య బీమా ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికీ నియమం ఇదే. బ్రిటన్ ప్రభుత్వ పింఛను తీసుకునేవారికి 'ఎస్1' పత్రం ఉంటే స్పెయిన్ ప్రభుత్వ వైద్యం అందుతుంది. చేరగానే పంచాయతీలో 'పద్రోన్' అనే ఊరి నివాసుల జాబితాలో పేరు రాయించుకోవాలి, మిగతా కాగితాలన్నిటికీ అదే మూలం. ఇల్లు కొనేముందు రిజిస్ట్రీ నుంచి 'నోటా సింప్లె' తీయించండి, ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే మన ఈసీ లాంటిది. పాత ఇళ్ళకు కాగితాల్లో ఉన్న కొలత ఒకటి, గోడలు చెప్పేది ఒకటి. పొలముంటే నీటి వంతు ఎవరి పేర ఉందో తప్పక అడగండి.

మేము ఇంకా కొనలేదు. మా ఆవిడ ఇప్పుడు నాలుగో షరతు పెట్టింది, ఆసుపత్రి. నా దగ్గర జవాబు లేదు. వచ్చే అక్టోబరుకు ఆ ఇల్లే మాట్లాడి, తాళంచెవి పెద్దావిడ దగ్గర ఉంచి వచ్చాం. బయలుదేరిన రోజు పదకొండింటికి దారికోసమని రెండు రొట్టెలు తీసుకున్నాం. నా దగ్గర పెద్ద నోటు తప్ప లేదు, వ్యానువాడి దగ్గర చిల్లర లేదు. డాష్‌బోర్డు మీదున్న నోటుపుస్తకం తీసి 'నీళ్ళాయన' అని రాసుకుని, పక్కన అంకె వేసి, "అక్టోబరులో" అన్నాడు. రెండు యూరోల నలభై సెంట్లు.