బ్రేక్ ప్యాడ్లు కీచుమనకుండా సిరామిక్ గ్రీజు: ఏడాదికి పైగా వాడాక నా మాట

ముందు చక్రాల బ్రేకులకు కొత్త ప్యాడ్లు వేయించినప్పుడు, వాటి వెనక పూయడానికి సిలికాన్ బేస్ ఉన్న సిరామిక్ గ్రీజు ట్యూబు చిన్నది ఒకటి తెప్పించాను. నిరుడు ఎండలు ముదరకముందు పూశాం. ఆ తర్వాత వానాకాలం మొత్తం గడిచింది, మళ్లీ ఎండాకాలం వచ్చింది, మధ్యలో దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయి ఘాట్ కూడా దిగి వచ్చాం, ఇప్పటికీ బ్రేక్ తొక్కితే సౌండ్ లేదు. మా స్విఫ్ట్ తిరిగేది మిర్యాలగూడలో. ఊళ్లో రైసు మిల్లుల ఊక దుమ్ము, దామరచర్ల వైపు పోతే సిమెంటు లారీల దుమ్ము. ఈ దుమ్ములో ఇంతకాలం నిలిచింది కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను.

అంతకుముందు వేయించిన ప్యాడ్లు నాసిరకం కావు, మంచి కంపెనీవే, బిల్లుతో కొన్నవే. అయినా వేసిన వారానికే చౌరస్తాలో మెల్లగా ఆపుతుంటే కీచుమనడం మొదలుపెట్టాయి, పక్కన నడిచేవాళ్లు తిరిగి చూసేవాళ్లు. వేసిన షాపులో అడిగితే "కొత్తవి కదా అన్నా, అరుగుతుంటే అదే పోతది" అన్నారు. అరిగాయి గానీ సౌండ్ పోలేదు. చివరికి మా ఇంటి దగ్గరి మెకానిక్ చక్రం విప్పి, ప్యాడ్ బయటికి తీసి వెనక్కి తిప్పి చూపించాడు. వెనక రేకంతా నల్ల పెయింటు, ప్యాడ్‌ను తోసే పిస్టన్ ఆనే చోట మాత్రం చిన్నపిల్ల గాజంత గుండ్రంగా పెయింటు లేచిపోయి తళతళ మెరుస్తోంది. "ఈడ వణుకుతుందన్నా, అందుకే సౌండ్" అన్నాడు.

నిజమే. డిస్కును పట్టుకున్నప్పుడు ప్యాడ్ సన్నగా వణుకుతుంది. ఆ వణుకు సెకనుకు 1,000 సార్లు దాటి ఒక్కోసారి 16,000 దాకా పోతుంది, అదే మన చెవికి కీచుమని వినిపిస్తుంది. పిస్టన్‌కూ ప్యాడ్ రేకుకూ మధ్య రబ్బరు పొర ఉన్న షిమ్ అనే పల్చటి రేకు, దాని మీద పల్చగా గ్రీజు ఉంటే ఆ వణుకు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. మా కారులో షిమ్ములే లేవు, పాత ప్యాడ్లతో పాటు చెత్తలో పడేసినట్టున్నారు.

అసలు దొంగ ఇంకొకటి దొరికింది, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగం) జరగడానికి ఉండే పిన్ను. కింది పిన్ను చేత్తో లాగితే కదల్లేదు. పానాతో తిప్పి తిప్పి బయటికి తీస్తే పాత గ్రీజు నల్లగా జిగురులా గడ్డకట్టింది, రబ్బరు బూటు ఉబ్బి వదులైపోయింది. బేరింగులకు పూసే మామూలు గ్రీజు ఇక్కడ వాడితే జరిగేది ఇదే, అందులోని పెట్రోలియం నూనె ఆ రబ్బరును ఉబ్బిస్తుంది. పైగా మామూలు లిథియం గ్రీజు సుమారు 190 డిగ్రీల దగ్గర కరిగి కారుతుంది, ఘాట్ దిగుతూ తొక్కుతూనే ఉంటే డిస్కు వేడి 300 కూడా దాటగలదు. కారిన గ్రీజు డిస్కు మీద పడితే సౌండ్ సంగతి తర్వాత, బ్రేకే పట్టదు. అందుకే రబ్బరుకు హాని చేయదని ట్యూబు మీద రాసి ఉన్నదే కొనండి. రెండు పిన్నుల్లో ఒకదాని చివర రబ్బరు తొడుగు ఉండొచ్చు, ఏది ఏ రంధ్రం నుంచి తీశారో మళ్లీ అందులోకే పోవాలి.

పూసే పని మాత్రం చాలా తక్కువ. క్యాలిపర్ బ్రాకెట్లో ప్యాడ్ చెవులు కూర్చునే చోట తుప్పు ఉంటుంది, దాన్ని వైర్ బ్రష్‌తో గీకి తీసేయాలి, కొత్త క్లిప్పులు వేయాలి. చెవుల మీద, షిమ్ వెనక పిస్టన్ ఆనే చోట గోరంత గ్రీజు తీసుకుని పల్చగా రాయాలి, అంతే. ఎక్కువ పూస్తే ఎక్కువ లాభం ఏమీ లేదు, దుమ్ము పట్టుకుంటుంది. అరిగే వైపు గానీ డిస్కుకు గానీ ఒక్క చుక్క కూడా అంటకూడదు, డిస్కుకు అంటితే బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవాలి. అన్నీ బిగించాక కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కడం మరవద్దు, లేకపోతే మొదటి బ్రేక్ నేల దాకా దిగిపోతుంది.

తర్వాత పొద్దున్నే సాగర్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 50 స్పీడు నుంచి 10 దాకా తగ్గించడం, మళ్లీ ఎత్తుకోవడం, ఇలా ఒక పదిసార్లు చేశాం, పూర్తిగా ఆపకుండా, మధ్యలో కాస్త చల్లారనిస్తూ. ప్యాడ్ పొర డిస్కు మీద సమానంగా పరుచుకోవడానికి ఇది కావాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, నా లెక్కలో గ్రీజు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

గ్రీజు మీద ఫిర్యాదులు లేకపోలేదు. ట్యూబు మూత సరిగ్గా బిగవదు, ఎండకు మూతి దగ్గర కారుతోంది. బట్టలకు అంటితే పోదు. దీంతో అన్ని సౌండ్లూ పోతాయని కూడా అనుకోవద్దు. వాన పడ్డ మర్నాడు పొద్దున డిస్కు మీద తుప్పు పొరకు వచ్చే గరగర రెండు మూడు బ్రేకులకు దానంతట అదే పోతుంది, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. అరిగిన ప్యాడ్‌కు ఉండే చిన్న ఇనుప నాలుక డిస్కుకు తగిలి అరుస్తుంటే మాత్రం ప్యాడ్ మార్చాల్సిందే, గ్రీజు పూసి దాని నోరు మూయించాలని చూడకండి. డిస్కు గాట్లు పడినా అంతే, డిస్కు సంగతి చూడాలి.

ట్యూబులో సగం పైనే మిగిలింది, మొన్న మా బావ కారుకు కూడా అదే పూశాం. ఆయన కారు షిమ్ములు తుప్పు తిని విరిగిపోయాయి, విడిగా ఇక్కడ ఏ షాపులోనూ దొరక్క హైదరాబాద్ నుంచి తెప్పించాల్సి వచ్చింది. కాబట్టి ప్యాడ్లు కొనేటప్పుడే బాక్సు విప్పించి షిమ్ములు, క్లిప్పులు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్ని ప్యాడ్లకు షిమ్ ముందే అంటించి వస్తుంది, వాటికి ఇంకొకటి కలపొద్దు.