రాయగడలో చర్చి పెళ్లికి సౌండ్ సర్వీసు: మైకు బాగుంది, మనిషే ఉండడు

రెండు స్పీకర్లు, మిక్సరు, పాస్టరుగారికి కాలర్ మైకు, పాటలవాళ్లకు రెండు వైరు మైకులు. చిన్న చర్చికి ధారాళంగా సరిపోతాయి, మాట స్పష్టంగా వినిపిస్తుంది.

చిక్కల్లా కాలర్ మైకుతోనే. బైబిలు పట్టుకునే చేతివైపు పెడితే పేజీ తిప్పినప్పుడల్లా బరబర. గొంతుకు జానెడు కింద, నడిమధ్యన పెట్టించండి. ప్రార్థన మధ్యలో "ఉంగరాలు ఎవరి దగ్గరున్నాయి బాబూ?" అని పాస్టరుగారు గుసగుసలాడినా, తెలుగు రాని ఒడియా చుట్టాలు కూడా జేబులు తడుముకుంటారు. మ్యూట్ నొక్కాల్సిన కుర్రాడేమో బిర్యానీ దగ్గర! ప్రమాణాలకు ముందే కొత్త బ్యాటరీలు వేయించండి.

1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మామూలుగా సాయంత్రం 7 లోపే పెళ్లి జరిపించాలి. పెళ్లికూతురి ముస్తాబు లెక్కేసుకుని సామాను టైము చెప్పండి. జనరేటరు బాడుగ వేరు.