నాసిక్ సావిన్యోన్ బ్లాంక్: సీసా మీద ఏడాది చూసి కొనండి

గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే పచ్చి క్యాప్సికం, కోసిన గడ్డి వాసన, వెనకాలే జామపండు. సావిన్యోన్ బ్లాంక్ అనే ద్రాక్ష రకంతో నాసిక్‌లో చేసే వైట్ వైన్ బాగున్నప్పుడు ఇలా ఉంటుంది. పులుపు సరిపడా ఉంటుంది గానీ ఫ్రాన్స్‌లోని లువార్ లోయ వైన్‌కున్న పదును ఆశించొద్దు. దానికి కారణం నాసిక్ వాతావరణమే.

సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున్నా, ద్రాక్ష తీగ ఆకు రాల్చి నిద్రపోయేంత చలి నాసిక్‌లో పడదు. వదిలేస్తే ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. అందుకే రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో చేసేది కొత్త కొమ్మల కోసం. రాబోయే పంట గుత్తులు ఆ కొమ్మల మొగ్గల్లోనే రూపు కడతాయి. అప్పుడు మబ్బు పట్టినా, ఆకు గుబురై కొమ్మకు వెలుతురు అందకపోయినా, గుత్తి రావలసిన చోట నులితీగ వస్తుంది.

వానలు తగ్గుముఖం పట్టాక, సెప్టెంబరు–అక్టోబరుల్లో పంట కత్తిరింపు. మొగ్గలన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సయనమైడ్ అనే రసాయనం పూస్తారు. పూయకపోతే కొమ్మ చివరి మొగ్గలు ముందు లేస్తాయి, కిందివి వెనకబడతాయి. కోతనాటికి ఒకే తీగ మీద పండూ కాయా కలిసి ఉంటాయి.

అసలు చిక్కు తేదీతోనే. తొందరపడి కత్తిరిస్తే లేత చిగురు చివరి వానలకు తడిసి బూజు తెగులు పట్టుకుంటుంది. ఆలస్యమైతే పండే సమయం మార్చి ఎండల్లో పడుతుంది. రాత్రులు చల్లగా ఉన్నంతకాలం పండులో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం నిలుస్తుంది. వేడెక్కాయా, పులుపు గబగబా జారిపోతుంది, క్యాప్సికం వాసన కూడా పలచబడుతుంది. టార్టారిక్ ఆమ్లం కలిపి సరిచేయొచ్చు. మోతాదు మించితే మాత్రం ఆ పులుపు వైన్‌లో ఇమడదు, నాలుకకు విడిగా తగులుతుంది.

ఇది దాచుకునే వైన్ కాదు. కోత ఏడాది నుంచి రెండేళ్లు దాటని సీసా తీసుకోండి. ఎండ తగిలే అరలో నిలబెట్టినది, రంగు ముదురు పసుపుకు తిరిగినది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. 8–10 డిగ్రీల దగ్గర పోయండి, ఐసు ముక్కలు వేయకండి. రెడ్ వైనే కావాలంటే నాసిక్ నుంచి షిరాజ్ చూడండి, ఆ రకం ఎండను బాగా ఓర్చుకుంటుంది.