ఒకరు చెప్పాలి, ఒకరు కొట్టాలి: వాలీబాల్ లైవ్ స్టాట్స్‌లో జోడీ పద్ధతి

వాలీబాల్ లైవ్ స్టాట్స్, అంటే మ్యాచ్ నడుస్తుండగానే ఎవరు ఏం ఆడారో లెక్కరాయడం, ఒక్కరే చేయలేరని కాదు. చేయి తిరిగినవాళ్లు చేస్తారు. మేం మాత్రం కొన్నేళ్లుగా ఇద్దరం కూర్చుంటున్నాం. నేను ఆట చూస్తూ చెప్తాను, తమ్ముడు ల్యాప్‌టాప్‌లో కొడతాడు. హైదరాబాద్‌లో కాలేజీ టోర్నీలన్నీ ఇలాగే లాగించాం.

కోడ్ డేటా వాలీ అనే స్టాట్స్ సాఫ్ట్‌వేర్ తరహాదే. సర్వ్‌కి ఎస్, రిసెప్షన్‌కి (సర్వ్ అందుకోవడానికి) ఆర్, అటాక్‌కి ఏ. ముందు ప్లేయర్ నంబరు, వెనక ఎంత బాగా ఆడారో చెప్పే గ్రేడు. నేను "టెన్ ఆర్ ప్లస్" (పదో నంబరు, రిసెప్షన్, బాగుంది) అనేసరికి బంతి అటాక్‌కి పాస్ ఇచ్చే సెట్టర్ చేతుల్లోంచి వెళ్లిపోతుంది. అందుకే నేను స్క్రీన్ వైపు చూడను, ర్యాలీ నడుస్తుండగా వాడు కోర్టు వైపు చూడడు. గ్యాలరీ అంతా లేచి అరుస్తుంటే తల ఎత్తకుండా కూర్చోవడమంటే మాటలా! ఆ గోలలో థర్టీన్, ఫోర్టీన్ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి "వన్ త్రీ", "వన్ ఫోర్" అని విడగొట్టి చెప్తాను. ర్యాలీ అవ్వగానే రొటేషన్, సబ్‌స్టిట్యూషన్ వాడి లెక్క. "అన్నా, సర్వ్ సెవెన్‌దేనా?" అంటాడు. విజిల్ పడ్డాక సర్వర్‌కి ఉండేది 8 సెకన్లే, ఆలోపే సరిచూసుకోవాలి.

జోడీ వల్ల వేగం పెరిగింది నిజమే, కానీ నాకు అంతకన్నా నచ్చింది గ్రేడింగ్ నిలకడ. రిసెప్షన్ తర్వాత సెట్టర్ నెట్ మధ్యలో ఉన్న అటాకర్‌కి క్విక్ (వేగంగా కొట్టే తక్కువ ఎత్తు పాస్) ఇవ్వగలిగితే ప్లస్, ఆ దారి మూసుకుపోతే కిందికి. ఈ గీత మనిషికో చోట ఉంటుంది. నేను పిసినారిని, తమ్ముడు ధారాళంగా వేస్తాడు. అందుకే మ్యాచ్ మధ్యలో సీట్లు మారం. అటాక్‌లో పాయింట్లు మాత్రమే చూస్తే సరిపోదు. 20 అటాక్‌లకు 9 పాయింట్లంటే కోచ్‌కి ఖుషీ. కానీ 2 బయటికి పోయి, 2 బ్లాకైతే ఎఫిషియెన్సీ (పాయింట్లలోంచి ఆ నాలుగూ తీసేసి, మొత్తం అటాక్‌లతో భాగిస్తే వచ్చేది) 25 శాతమే. టైమవుట్ 30 సెకన్లే కాబట్టి చెప్పాల్సిన ముక్క ముందే సిద్ధంగా ఉండాలి.

కూర్చునే చోటు ఎండ్ లైన్ వెనక, కాస్త ఎత్తులో ఉండాలి. 2022లో ప్రైమ్ వాలీబాల్ మొదటి సీజన్ జరిగిన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ఆ సదుపాయం ఉంది. బయటి గ్రౌండ్లలో సైడ్ లైన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. అక్కణ్ణించి బంతి కోర్టు వెనక భాగంలో పక్కపక్కనే ఉండే వన్, సిక్స్ జోన్లలో దేంట్లో పడిందో సగంసార్లు అంచనాయే.

లోపమంటే జోడీ కుదరడానికి పట్టే కాలమే. తమ్ముడు రాని రోజు కొత్తవాళ్లని కూర్చోబెట్టను. సర్వ్, రిసెప్షన్, అటాక్ మాత్రం కాగితం మీద గీతలు గీసుకుంటాను. బ్లాక్, డిగ్ (అవతలివాళ్ల అటాక్‌ను కింద పడకుండా ఎత్తడం) వదిలేస్తాను.